తండ్రి సంతకం గడి

దుర్గది నర్సీపట్నం కాదు. నక్కపల్లి అవతల, సముద్రపొడ్డున ఉన్న ఓ చిన్న పల్లె. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి కామెర్లతో పోయింది. తండ్రి ఎర్రన్న మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో వేట పలచబడిపోయాక, పిల్లని తన తల్లి అప్పయ్యమ్మ దగ్గర వదిలి, నలుగురితో పాటు గుజరాత్‌లోని వెరావల్ రేవుకి బోటు పనికి పోయాడు. ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ మే నెలకే ఇల్లు. రెండేళ్ళు అలాగే వెళ్ళొచ్చాడు. మూడో ఏడు మిగతావాళ్ళందరూ తిరిగొచ్చారు గాని ఎర్రన్న రాలేదు. సీజను మధ్యలో వేరే బోటుకి మారాడని వాళ్ళు చెప్పారు. ఆ బోటు పేరేమిటో, ఏ రేవుదో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. అది తొంభై ఆరో సంవత్సరం.

అప్పటికే అప్పయ్యమ్మ, మనవరాలు నర్సీపట్నంలో ఉంటున్నారు. కొడుకు మొదటిసారి గుజరాత్ వెళ్ళినప్పుడే ముసలావిడ ఎండుచేపల గంపతో ఇటు వచ్చేసింది. సముద్రానికి దూరమయ్యే కొద్దీ నెత్తళ్ళలాంటి ఎండుచేపలకి ధర ఎక్కువ పలుకుతుంది గదా. బలిఘట్టం పోయే రోడ్డు మీద ఓ రేకుల గది తీసుకున్నారు. పొద్దున్నే అప్పయ్యమ్మ మార్కెట్టుకి పోయేది. దుర్గ గది తుడిచి, అన్నం వండి, బడికి పోయేది. గదిలో సగం ఎండుచేపలే. ఎంత ఉతుక్కున్నా ఆ వాసన యూనిఫాంని వదిలేది కాదు. పక్కనున్న పిల్లలు కొంచెం కొంచెంగా జరుగుతూ బెంచీ చివరికి పోయేవారు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. కొన్నాళ్ళకి దుర్గే వెళ్ళి కిటికీ పక్కన ఆఖరి బెంచీలో కూర్చుంది. అప్పట్నించీ ఏ తరగతిలోనైనా అదే ఆమె చోటు. పండక్కి పల్లెకి వెళ్తే అక్కడి పిల్లలు ఆమెని పట్నం పిల్ల అనేవారు.

ఇంటరు ఫస్టు క్లాసులో పాసై, తొంభై ఏడులో డిగ్రీలో చేరింది. కామర్సు తీసుకుంది. ఫీజు పెద్దదేం కాదు గాని, పుస్తకాలూ పరీక్ష ఫీజులూ కలిపి చూస్తే గంప మీద నడిచే ఇంటికి అది మోయలేని బరువే. ఆగస్టు నెలాఖరున నోటీసు బోర్డు మీద స్కాలర్‌షిప్ కాగితం అంటించారు. దుర్గ దాన్ని మొదటి అక్షరం నుంచి ఆఖరి దాకా నోటుబుక్కులోకి ఎక్కించుకుంది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, మార్కుల జాబితా, తండ్రి సంతకం. గడువు సెప్టెంబరు ముప్పై.

దరఖాస్తులు తీసుకునే గుమాస్తా మన్మథరావు. ఒకసారి ఆడిట్‌లో మాట పడ్డాడట. అప్పట్నించీ ప్రతి కాగితాన్నీ వెలుతురుకి ఎత్తిపట్టి చూడందే తీసుకునేవాడు కాదు. దుర్గ ఫారం పైనుంచి కిందిదాకా చూసి, కింది గడి దగ్గర వేలు ఆపాడు.

"తండ్రి సంతకం ఏదమ్మా?"

"ఊళ్ళో లేరండి."

"వచ్చాక పెట్టించుకుని తీసుకురా."

"ఎప్పుడొస్తారో తెలీదండి."

ఆయన తల ఎత్తి చూశాడు. గొంతు కాస్త తగ్గించి, "పోయారా?" అని అడిగాడు.

"తెలీదండి" అంది దుర్గ.

వెనక వరసలో పదిమంది ఉన్నారు. వాళ్ళ ముందు ఆ మాట చెప్పవలసి వచ్చినందుకు ఆమెకి మొహం మండిపోయింది. మన్మథరావు కోప్పడలేదు. మనిషి ఉంటే సంతకం ఉండాలి, లేకపోతే మరణ ధ్రువపత్రం ఉండాలి, రెండూ లేని దరఖాస్తుని తానేమని రాసి పంపాలో ఆమెనే చెప్పమన్నాడు. దుర్గ ఫారం వెనక్కి తీసుకుని వచ్చేసింది.

ఆ వారంలోనే క్లాసు మానేసి సొంత మండలానికి వెళ్ళింది. అడ్డరోడ్డు దాకా ఓ బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు. ఎమ్మార్వో ఆఫీసులో మొదటి రోజు ఎవరూ దొరకలేదు. రెండోసారి వెళ్తే, పాత అలవాటు కొద్దీ అందరూ కరణంగారని పిలిచే వి.ఏ.వో. దొరికాడు. కుల ధ్రువపత్రానికి రాసిచ్చాడు. మిగతాదానికి మాత్రం తల అడ్డంగా ఊపాడు. రేషను కార్డులో ఎర్రన్న పేరు ఉంది, అంటే మనిషి ఉన్నట్టే. పోయాడని రాయాలంటే ఏడేళ్ళు చూడాలి, తర్వాత కోర్టుకి వెళ్ళాలి. ఆ ఏడేళ్ళు నిండేసరికి డిగ్రీ అయిపోయి కూడా రెండేళ్ళు దాటుతుందని దుర్గ లెక్క వేసుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. దూరంగా సముద్రం ఒక గీతలా కనిపించి, కాస్సేపటికి చెరుకు తోటల వెనక్కి పోయింది.

పట్నంలో ఒక సేవా సంఘం వాళ్ళు పేద విద్యార్థినులకి పుస్తకాలు ఇస్తున్నారని తెలిసి అక్కడికీ వెళ్ళింది. వాళ్ళు సంతకాలూ గట్రా ఏమీ అడగలేదు. వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేతికీ నోటుబుక్కుల కట్ట అందిస్తూ ఫొటో తీయించుకున్నారు. రెండు రోజుల తర్వాత ఆ ఫొటో జిల్లా పేపర్లో వచ్చింది. కాలేజీలో ఎవరో దాన్ని కత్తిరించి నల్లబల్ల పక్కన అంటించారు. మంచి ఉద్దేశంతోనే అంటించి ఉంటారు. దుర్గ మాత్రం ఆ నోటుబుక్కుల్ని క్లాసుకి తీసుకెళ్ళలేకపోయింది. వాటిని ఇంట్లోనే వాడుకుంది.

కాలేజీలో ఆమెతో మాట్లాడే పిల్ల ఒక్కతే, పావని. నాతవరం దగ్గర రైతుల పిల్ల. నాలుగు కాగానే షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయేది కాబట్టి ఆ స్నేహం ఎప్పుడూ నాలుగింటి వరకే. ఫారం సంగతి విని పావని తేలిగ్గా తీసేసింది. మీ నాన్నకి సంతకం రాదు, వేలిముద్రే కదా, ఎవరి వేలైతే ఏమిటి, కావాలంటే మా నాన్న చేత వేయిస్తానంది. ఆ సాయంత్రం దుర్గ ఇంటికి వస్తూ దారిలో ఓ ఇంకుప్యాడ్ కొంది.

గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, తెల్లకాగితం మీద తన బొటనవేలు నొక్కి చూసింది. తండ్రి వేలిముద్ర ఎలా ఉండేదో ఆమెకి బాగా గుర్తు. ఎడమ బొటనవేలి మీద ఎప్పుడో వలతాడు కోసిన గాటు ఉంది. రేషను కార్డు దరఖాస్తు మీద వేసినప్పుడు ముద్ర మధ్యలో అడ్డంగా ఒక తెల్లగీత పడింది. చిన్నప్పుడు ఆ గీత చూసి, ఇది రోడ్డా నాన్నా అని అడిగితే ఎర్రన్న నవ్వాడు. ఇప్పుడు కాగితం మీద ఉన్నది చిన్నది, నున్నటిది, గీత లేనిది. తండ్రి మొహం కన్నా ముందు ఆ వేలే గుర్తుకొచ్చిందని తట్టింది. కాగితం చింపేసి, వేలికి అంటిన ఇంకు పోయేదాకా నేల మీద రాసింది.

ఆ మర్నాడు లైబ్రరీలో కూర్చుని ఫారాన్ని మళ్ళీ మొదటినుంచీ చదివింది. కాలేజీలో ఇచ్చినవి నకలుకి నకలు తీసిన కాగితాలు. తండ్రి సంతకం అన్న గడిలో ఆ రెండు మాటల మధ్య ఒక నల్లటి మరక ఉంది. లైబ్రరీలో పాత ఫారం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికితే రెండేళ్ళ కిందటిది ఒకటి దొరికింది. అందులో మరక లేదు. "తండ్రి లేదా సంరక్షకుని సంతకం" అని స్పష్టంగా ఉంది. పట్టుకెళ్ళి మన్మథరావుకి చూపించింది. ఆయన రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూసి, తన సర్వీసులో తండ్రి బతికుండగా సంరక్షకుడి సంతకం ఎవరూ తేలేదనీ, ఏమేం జతచేయాలో తనకి తెలియదనీ, విశాఖపట్నంలో బి.సి. సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగితేనే తేలుతుందనీ అన్నాడు. ఆ ఆఫీసు ఎక్కడుంటుందో మాత్రం ఓ చీటీ మీద వివరంగా రాసిచ్చాడు.

అప్పటిదాకా దుర్గ విశాఖపట్నం చూడలేదు. ఒక్కతే వెళ్ళింది. అనకాపల్లి దాటాక బస్సు నిండిపోయింది. దిగాక ఇద్దరు ముగ్గుర్ని అడిగి, దారి తప్పి, మళ్ళీ అడిగి, పన్నెండు దాటాక ఆ ఆఫీసు చేరింది. అక్కడ దేవుడమ్మ అనే ఉద్యోగిని అన్నం క్యారియరు విప్పబోతోంది. దుర్గ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎక్కణ్ణించి వచ్చావు, ఎవరొచ్చారు కూడా అని ఆవిడే అడిగింది. ఎవరూ రాలేదంటే క్యారియరు మూత మళ్ళీ పెట్టేసింది.

సంగతంతా విని ఆవిడ పెద్దగా ఓదార్చలేదు. ఒక కాగితం తీసుకుని చకచకా రాసింది. పిల్లని పోషిస్తున్నది నాయనమ్మ అని వి.ఏ.వో. ఇచ్చే పత్రం, నాయనమ్మ పేరు మీద ఆదాయ ధ్రువపత్రం, స్టాంపు పేపరు మీద నోటరీ ముందు నాయనమ్మ ఇచ్చే అఫిడవిట్. అందులో కొడుకు ఆచూకీ ఎప్పట్నించి లేదో ఉండాలి. ఇదంతా రూల్సులోనే ఉందని, ఎవరికీ ఎవరూ చెప్పరని, గడువుకి తొమ్మిది రోజులే ఉన్నాయి గనక ఆలస్యం చెయ్యొద్దని అంది. దుర్గకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టేలోపే ఆవిడని లోపలికి ఎవరో పిలిచారు.

అసలు చిక్కు ఇంట్లో ఎదురైంది. అప్పయ్యమ్మ ముందు ఆ కాగితం సంగతే వినలేదు. కొడుకు పేరెత్తితే, సీజను అయితే వస్తాడు అని ఒక్క మాటే. రెండు సీజన్లు వెళ్ళిపోయాయి, ఆ మాట మాత్రం మారలేదు. వెనకటి ఏడాది వాళ్ళ వీధిలో ఎవరో ఎర్రన్న పేరుకి ముందు, పోయినవాళ్ళకి అన్నట్టు, పాపం అన్నందుకే, ఆవిడ వాళ్ళింటికి చేపలు అమ్మడం మానేసింది. ఇప్పుడు మనవరాలు స్టాంపు పేపరు తెచ్చేసరికి, నన్ను కాటికి పంపాక రాయించుకో అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాటల్లేకుండా తిన్నారు. నాలుగో రోజు పొద్దున్న ముసలావిడ గంప దించి, సంచిలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. ఎక్కడికెళ్ళాలో చూపించమంది.

నోటరీ కోర్టు దగ్గర వరండాలో కూర్చుంటాడు. టైపు కొట్టించిన కాగితాన్ని ఆయన గబగబా చదువుతున్నాడు. "నా కుమారుడు ఎర్రన్న పంతొమ్మిది వందల తొంభై ఐదు నవంబరు నుండి ఎట్టి ఆచూకీ లేకుండా ఉన్నందున" అన్నచోట అప్పయ్యమ్మ చెయ్యెత్తింది.

"ఆగు బాబూ. ఆచూకీ అంటే ఏటి?"

"కబురమ్మా. మీవాడి దగ్గర్నించి కబురు లేదని."

"పోనాడని ఎక్కడైనా రాసినావా?"

"లేదమ్మా."

ఆవిడ మనవరాలి వేపు తిరిగింది. "నువ్వు సదువు. నువ్వు సదివి నాకు సెప్పు."

దుర్గ చదివింది. మొదటినుంచీ ఆఖరిదాకా, ఎక్కడా తొందరపడకుండా చదివింది. వరండాలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అయిపోయాక అప్పయ్యమ్మ వేలు కొంగుకి తుడుచుకుంది.

"కబురైతే నేదు. అది నిజవే" అంది. "నిజం గాబట్టి ఏస్తన్నాను" అని వేలు చాపింది.

వేలిముద్ర వేసి అట్నించి అటే మార్కెట్టుకి పోయింది. మధ్యాహ్నం ఇంటికొచ్చాక పెట్టెలోంచి ఎర్రన్న చొక్కాలు రెండు తీసి, ఎండలో వేసి, మళ్ళీ మడత పెట్టింది. సాయంత్రం కూర తరుగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"ఈ కాయితం ఆడెప్పుడైనా సూస్తే, నా గురించి ఏటనుకుంటాడే?"

దుర్గ లేచి, మడత పెట్టిన ఆ చొక్కాల్ని మళ్ళీ పెట్టెలో పెట్టింది.

వి.ఏ.వో. పత్రం, ఆదాయ ధ్రువపత్రం కూడా తెచ్చి జతచేశాక, గడువుకి ఒకరోజు ముందు దరఖాస్తు వెళ్ళింది. మార్చిలో స్కాలర్‌షిప్ వచ్చింది. మన్మథరావు ఆమెని పిలిచి రిజిస్టరులో సంతకం చేయించుకున్నాడు. ఆ డబ్బుతో దుర్గ పుస్తకాలు కొనుక్కుంది, పరీక్ష ఫీజు కట్టింది. అప్పయ్యమ్మకి కళ్ళద్దాలు కొందామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఆ కాయితం మీద వచ్చిన డబ్బు నాకొద్దంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. రెండో ఏడు కూడా ఆవిడే వచ్చి వేలిముద్ర వేసింది. ఈసారి చదివించుకోలేదు.

తొంభై తొమ్మిది జూన్‌లో, వానలు పడాల్సిన రోజుల్లో, ఎండ విరగకాసింది. మార్కెట్లో గంప ముందు కూర్చున్న అప్పయ్యమ్మ అలాగే పక్కకి ఒరిగిపోయింది. పక్కన కూర్చునే అచ్చియమ్మ నీళ్ళు చల్లింది, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దుర్గ కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చేసరికి అయిపోయింది. పల్లెకి తీసుకెళ్ళారు. తలకొరివి ఎవరు పెట్టాలన్న దగ్గర పెద్దలు కాసేపు తర్జనభర్జన పడి, వరసకి మనవడయ్యేవాణ్ణి పిలిచారు. సముద్రపొడ్డున ఆడవాళ్ళ మధ్య నిలబడి దుర్గ దూరం నుంచి చూసింది. పదకొండో రోజు అయ్యాక ఇక్కడే ఉండిపొమ్మని ఒకరిద్దరు అన్నారు. అన్నవాళ్ళెవరూ రెండోసారి అనలేదు. ఆమె పన్నెండో రోజు బస్సెక్కింది.

ఎండుచేపల గంపల్ని అచ్చియమ్మకి ఇచ్చేసింది. రెండు మూడు నెలలకి గదిలో చేపల వాసన పోయింది. ఒకప్పుడు అది పోవాలని ఎంత కోరుకుందో ఆమెకి తెలుసు. పోయాక గది పెద్దదైపోయినట్టు, అందులో ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు అనిపించేది. హాస్టల్లో సీటు అడిగితే ఖాళీ లేదన్నారు. పావని కూడా ఆ ఏడు లేదు. రెండో సంవత్సరం పరీక్షలు కాగానే పెళ్ళై రాజమండ్రి వెళ్ళిపోయింది. ఆమె దగ్గర్నించి రెండు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత రాలేదు. ఉదయం ఒక పిల్లకి ట్యూషను, పగలు కాలేజీ, సాయంత్రం బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పని. దుకాణంలోకి వచ్చినవాళ్ళతో మాట్లాడే మాటలే ఆమె రోజులో మాట్లాడేవి. ఎన్ని కాపీలండీ, రెండు వేపులా తియ్యాలా, ఇలాంటివి.

ఆఖరి సంవత్సరం ఫారం ఇచ్చారు. అన్నీ నింపి సంరక్షకుల గడి ఖాళీగా ఉంచి తీసుకెళ్ళింది. మన్మథరావు చూశాడు. నాయనమ్మ వేలిముద్ర ఏదని అడగబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

"ఇప్పుడెవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండి."

ఆయన ఫారం తిరగేసి పుట్టిన తేదీ చూశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "మేజరువే గదా" అన్నాడు నెమ్మదిగా. "నువ్వే పెట్టు. పైన విద్యార్థినిగా, కింద సంరక్షకురాలిగా. రాసి పంపుతాను. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను."

ఆడిట్ పేరెత్తితేనే భయపడే మనిషి ఆ మాట అన్నాడు. దుర్గ ఒకే కాగితం మీద రెండుసార్లు తన పేరు రాసింది. మొదటి సంతకం మామూలుగానే వచ్చింది. రెండోది పెడుతున్నప్పుడు అక్షరాలు పెద్దవైపోయి గడి దాటిపోయాయి. మన్మథరావు చూసీ చూడనట్టు పక్కన తన పేరు పొడి అక్షరాలు వేసి, టీ తెప్పించాడు.

డిగ్రీ ఫస్టు క్లాసులో అయింది. జిరాక్స్ షాపులోనే కంప్యూటరు నేర్చుకుంది. తర్వాత ఒక ప్రైవేటు కాలేజీలో ఆపరేటరుగా చేరింది. సంబంధాలు రెండు వచ్చాయి. ఒకటి పల్లెనుంచి, మత్స్యరాజు అని బోటు మెకానిక్కు. మంచివాడే. వచ్చి కూర్చుని, తను ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో ఉంటానని ముందే చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు దుర్గకి అతని మీద గౌరవం కలిగింది. కాని ఒప్పుకోలేకపోయింది. రెండోది ఈ ఊరిదే. వాళ్ళు తండ్రి గురించి అడిగారు, ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మళ్ళీ కబురు చెయ్యలేదు.

రెండు వేల మూడులో చినబాబు వచ్చాడు. ఎర్రన్నకి పినతండ్రి కొడుకు, దుర్గకి చిన్నాన్న వరస. ఏడేళ్ళు దాటింది కాబట్టి కోర్టులో వేస్తే అన్న పోయినట్టు రాసిస్తారని, అప్పుడు ఒడ్డున ఉన్న ఇంటి జాగా పేరు మార్చుకోవచ్చని, కూతురిగా ఆమె ఒక్క సంతకం పెడితే చాలని చెప్పాడు. దుర్గ ఆ రాత్రంతా ఆలోచించింది. జాగా మీద తనకి ఆశ లేదని, అందులో ఇల్లు కట్టుకుని ఉండమని, కావాలంటే అలాగని రాసిస్తానని, తండ్రి పోయాడని మాత్రం తన చేత్తో రాయలేనని మర్నాడు చెప్పింది. నాయనమ్మ ఆ వేలిముద్ర వేసింది కబురు లేదన్నందుకే, అంతకు మించి ఒక్క మాట ఉన్నా వేసేది కాదు అంది. చినబాబుకి కోపం వచ్చింది. జాగా గురించి కాదు, మాట కాదన్నందుకు. ఆ తర్వాత పల్లెలో పెళ్ళిళ్ళకి పిలుపులు రావడం మానేశాయి. జాతరకి ఒక ఏడు తనంతట తనే వెళ్ళింది. ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేసింది.

వెరావల్ నించి వచ్చిన ప్రతి మనిషినీ ఆమె కొన్నేళ్ళు అడిగింది. ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

కాలేజీలో పని చేస్తూనే గ్రూప్ ఫోర్ పరీక్ష రాసింది. మొదటిసారి పోయింది, రెండోసారి వచ్చింది. రెండు వేల తొమ్మిదిలో మాకవరపాలెం ఎమ్మార్వో ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఆర్డరు అందింది. చెప్పాలనుకున్నవాళ్ళలో అచ్చియమ్మ ఒక్కతే ఊళ్ళో ఉంది. మార్కెట్టుకి వెళ్ళి చెప్తే, ముసలావిడ చేతులు తుడుచుకుని బుగ్గలు నిమిరింది. మన్మథరావు రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని అప్పటికే విని ఉంది.

సామాను సర్దడానికి పూట కూడా పట్టలేదు. ఒక ట్రంకుపెట్టె, స్టవ్వు, పుస్తకాల సంచులు రెండు, చాప. ఆటో అతను అన్నీ వెనక్కి నెట్టి, ఇంకెవరైనా ఎక్కాలా అని అడిగాడు. లేదు, పద అంది.

మాకవరపాలెంలో గది రోడ్డు మీదికే ఉంది. సాయంత్రం చీపురూ, అగ్గిపెట్టే కొనడానికి ఎదురుగా ఉన్న కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన కొత్త మొహం చూసి ఎవరి తాలూకా అమ్మా అని అడిగాడు. తండ్రి పేరు, ఊరు, ఎవరో ఒకరి పేరు చెబుతారని అడిగే మాట అది.

"ఎమ్మార్వో ఆఫీసులో పనిచేస్తానండి" అంది దుర్గ.

ఆయన తల ఊపి, చిల్లర ఇచ్చి, పాలు పొద్దున్న ఆరింటికి వస్తాయనీ, ఆలస్యం చేస్తే దొరకవనీ చెప్పాడు. ఆమె అర లీటరు చెప్పి వచ్చేసింది.